కొమ్మ తీసిన చెయ్యి

రోడ్డు మధ్యలో ఒక పచ్చి కొమ్మ గుచ్చి, దాని చివర ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంటే మనం ఏం చేస్తాం? బ్రేకు మీద కాలు వేస్తాం. బండిని కాస్త పక్కకి తిప్పుకుంటాం. "ఈ రోడ్లు ఎప్పటికి బాగుపడతాయో" అని ఎవరినో తిట్టుకుంటాం. నాలుగు బారలు దాటాక మరిచిపోతాం. ఆ కొమ్మ ఎవరు గుచ్చారని గానీ, మర్నాడు అది అక్కడ లేకపోతే ఎవరు తీశారని గానీ అడిగేవాళ్ళు మనలో బహు తక్కువ.

కొమ్మ లేదంటే గుంత లేదని మన నమ్మకం. ఆ నమ్మకం మనకి బడిలో నేర్పింది కాదు. రోడ్డు పని చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి మాట తప్పకపోవడం వల్ల వచ్చింది.

ఈ కథలోని రోడ్డు మేస్త్రీ అలా మాట తప్పని పనివాడు. ఇరవై ఆరేళ్ళుగా పద్నాలుగు కిలోమీటర్ల రోడ్డు అతని చేతిలో ఉంది. ఆరుగురు మనుషుల గ్యాంగు, ఒక పాత రోలరు, గునపాలు, తట్టలు, నేల అణగ్గొట్టే దిమ్మిసలు. ఎక్కడ తారు లేచిందో, ఏ మలుపులో నీళ్ళు నిలుస్తాయో, ఏ చెట్టు వేరు రోడ్డుని పైకి ఎత్తుతోందో అతనికి కాగితం చూడకుండా తెలుసు. మాట తక్కువ మనిషి. రోజంతా కలిసి పనిచేసి ఇంటికి వెళ్ళే కూలీలు, "ఇవాళ మేస్త్రీ మూడు మాటలన్నాడు, వాన వస్తుందేమో" అని నవ్వుకునేవారు.

అతనికి పని నేర్పిన పెద్ద మేస్త్రీ ఒకే ఒక్క విషయం గట్టిగా చెప్పాడు. "కొమ్మ గుచ్చినవాడే కొమ్మ తియ్యాలి. కింద పని పూర్తయ్యాకే తియ్యాలి. కొమ్మంటే నీ మాటరా. దాన్ని పీకావంటే, 'రండి, భయం లేదు' అని దారిన పోయే ప్రతివాడికీ చెప్పినట్టు." ఈ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. గ్యాంగులో మాత్రం అందరికీ తెలుసు. గాలికి కొమ్మ ఒరిగిపోయినా మేస్త్రీ వచ్చి నిలబెట్టాల్సిందే, ఇంకొకరు ముట్టుకునేవారు కాదు.

పదకొండో కిలోమీటరు రాయి దాటాక కాలువ మలుపు ఉంది. అక్కడ రోడ్డు కింద ఒక పాత తూము. పక్క పొలాల నీళ్ళు రోడ్డు కింద నుంచి కాలువలోకి పోవడానికి ఎప్పుడో వేసిన సిమెంటు గొట్టం. వానలు మొదలైన కొత్తలో ఆ తూము మీద తారు పగిలి, పళ్ళెమంత గుంత పడింది. పళ్ళెమంత గుంతలు ఆ రోడ్డు మీద యాభై ఉంటాయి. ఇంకొకరైతే రెండు తట్టల కంకర పోసి ముందుకి పోయేవారు. మేస్త్రీ గునపం తిరగేసి దాని మొద్దుతో గుంత చుట్టూ కొట్టి చూశాడు. గట్టి నేలైతే గునపం చేతిని ఎదురు తన్నుతుంది. ఇక్కడ తన్నలేదు. ఖాళీ పీపా మీద కొట్టినట్టు 'బొంయ్'మంది.

గట్టు దిగి, మోకాళ్ళ మీద తూములోకి దూరాడు. టార్చి వేసి చూస్తే గొట్టం రెండు ముక్కలు అతికించిన చోట బెత్తెడు విడిపోయి ఉంది. నీళ్ళు పారిన ప్రతిసారీ ఆ సందులోంచి పైమట్టి కాసింత జారి నీళ్ళతో పోతోంది. సందులో చెయ్యి పెట్టి పైకి తడిమాడు. చంక వరకూ వెళ్ళినా చేతికి ఏమీ తగల్లేదు. పైన రోడ్డు ఉంది, కింద గొట్టం ఉంది, మధ్యలో ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత బోలు ఉంది.

ఆ రోజే కాలువ గట్టున ఒక పచ్చి కొమ్మ నరికి, ఎర్రగుడ్డ కట్టి, గుంతలో లోతుగా దిగేశాడు. సాయంత్రం సెక్షను ఆఫీసుకి వెళ్ళి ఇంజనీరమ్మ చెవిన వేశాడు.

ఇంజనీరమ్మ మంచి మనిషి. కుర్చీలో కూర్చుని విని ఊరుకోలేదు. మర్నాడే వచ్చి, బట్టలకి బురద అంటుతున్నా లెక్కచెయ్యకుండా తూములోకి వంగి తన కళ్ళతో చూసింది. "రోడ్డు అడ్డంగా తవ్వాలి, గొట్టం తీసేసి కొత్తది కట్టాలి. ఆరు వారాలు బండ్లు వేరే దారిన తిప్పాలి" అని పెద్దాఫీసుకి రాసింది. పది రోజులకి జవాబు వచ్చింది: 'వర్షాకాలంలో రోడ్డు తవ్వరాదు. ఉపరితల మరమ్మతు జరిపి నివేదించవలెను.' ఆమె మళ్ళీ రాసింది. ఈసారి జవాబే రాలేదు.

కొమ్మ మాత్రం అక్కడే నిలబడింది. బండ్లన్నీ మలుపు దగ్గర వేగం తగ్గించి, కొమ్మ పక్కనుంచి ఒక్కొక్కటిగా పాకుతున్నట్టు వెళ్ళేవి.

ఆ బండ్లలో ఒకటి మేస్త్రీ బావమరిదిది. పాల వ్యాను. పల్లెల్లో పాలు పోయించుకుని, తెల్లవారేసరికి ఆ మలుపు దాటి పట్నంలో దింపాలి. ఊళ్ళో అందరూ అతన్ని పాలబండి అనే పిలిచేవారు. మేస్త్రీ భార్యకి అతను తమ్ముడే గానీ, పెంచింది ఆమే. కన్నవాళ్ళు పోయాక ఆరేళ్ళ తమ్ముణ్ణి వేలు పట్టుకుని వెంటబెట్టుకుని ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టింది. వీళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ లోటు తెలియకుండా ఇల్లంతా వాడే నిండిపోయాడు. పెళ్ళయి, పక్కవీధిలో వేరే కాపురం పెట్టినా సాయంత్రమయ్యేసరికి అక్క చేతి టీ తాగకపోతే వాడికి పొద్దుపోదు.

"బావా, నీ రోడ్డు పుణ్యమా అని పట్నం చేరేసరికి క్యాన్లలో వెన్న తేలుతోంది. వాళ్ళకి చిలికే పని తప్పింది. ఆ జీతమేదో నీకిప్పించమని అడగనా?" అనేవాడు చెప్పులు విడుస్తూనే.

"ముందు నువ్వు బండి నెమ్మదిగా తోలడం నేర్చుకో. రోడ్డునంటావేం?" అనేది అక్క.

"నెమ్మదిగానే తోల్తున్నానక్కా. మీ ఆయన రోడ్డు నడిబొడ్డున తోట వేశాడుగా, తోలక ఏం చేస్తాను!"

మేస్త్రీ మీసాల్లో నవ్వుకునేవాడు. ఆ ఇంట్లో నవ్వుకి బావమరిది మాటే మొదలు.

అతను తోట అన్నది ఊరికే కాదు. మూడో వారంలో ఆ కొమ్మ చిగురించింది. ముందు కణుపు దగ్గర ఎర్రటి మొగ్గ, తర్వాత రెండాకులు, తర్వాత గుప్పెడాకులు. ఎర్రగుడ్డ వానకి వెలిసిపోయింది గానీ కొమ్మ కళకళలాడసాగింది. దారిన పోయేవాళ్ళకి అది పెద్ద వేడుకైంది.

"మేస్త్రీ! కాయలు కాస్తే నాకూ రెండు దాచిపెట్టు" అని బస్సు డ్రైవరు కిటికీలోంచి అరిచాడు.

"మీది రోడ్ల శాఖా, అడవుల శాఖా?" అని వెనక సీట్లోంచి ఇంకొకడు. బస్సంతా నవ్వింది.

ఎవరో ఫొటో తీసి పేపరుకి పంపారు. నల్లటి రోడ్డు, మధ్యలో పచ్చటి మొక్క, పక్కనుంచి తప్పుకుంటున్న బస్సు, వెనకాల గునపం పట్టుకుని నిలబడ్డ మేస్త్రీ. కింద ఒక వెక్కిరింపు. ఆ సాయంత్రం బావమరిది పేపరు తెచ్చి, "బావా, పేపర్లోకెక్కావు! ఇక మాతో మాట్లాడతావో లేదో" అని అందరికీ వినపడేలా చదివాడు. అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మేస్త్రీ నవ్వాననిపించాడు. లోపల మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇరవై ఆరేళ్ళు ఎండలో తారు కాచిన మనిషి ఒక్క ఫొటోతో ఊరి నోట్లో నవ్వులాట అయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ ఫొటో చూసినవాళ్ళంతా నవ్వారు. తారురోడ్డులో కొమ్మ ఎలా చిగురించిందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

పెద్దాఫీసు కూడా అడగలేదు. రెండుసార్లు ఉత్తరం రాస్తే కదలని ఆఫీసు, ఫొటో చూసి ఒక్క పూటలో కదిలింది. ఎల్లుండి తనిఖీకి వస్తున్నాం, ఆ లోపల కొమ్మ కనపడకూడదు అని కబురు వచ్చింది.

ఇంజనీరమ్మ మేస్త్రీని పిలిపించింది. కూర్చోమన్నా అతను కూర్చోలేదు.

"కింద తూము మాటేంటి మేడం?"

"వానలు తగ్గాక చేయిద్దాం. నేను ఇంకోసారి రాస్తాను."

"పైన తారు పోస్తే జనం జోరుగా వస్తారు. ఇప్పుడు కొమ్మని చూసి ఆగుతున్నారు."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మీరు చెప్పేది నాకు తెలుసు మేస్త్రీగారూ. నేను రాశాను కాబట్టి పైవాళ్ళకీ తెలుసు. కనపడే గుంతకి సంజాయిషీ అడుగుతారు. కనపడని బోలుకి ఎవరూ అడగరు. నన్నేం చెయ్యమంటారు?"

'నేను తియ్యను' అనడానికి మేస్త్రీకి రెండే మాటలు చాలు. ఆ రెండు మాటలూ నాలుక చివరికి వచ్చి ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో తర్వాత అతను తనని తాను చాలాసార్లు ప్రశ్నించుకున్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. అలవాటైన విధేయత కొంత. వాటన్నిటికంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ కొమ్మని చూసి జనం నవ్వడం అతను భరించలేకపోయాడు. ఆ చోట రోడ్డు నున్నగా కనపడాలని అతనికీ ఉంది.

మర్నాడు పొద్దున్నే గ్యాంగు మలుపు దగ్గర దిగింది. తారు పొయ్యి రాజుకుంది. తట్టలు మోసే పెద్దమ్మ కొమ్మ పక్కన నిలబడి, మేస్త్రీ ముఖంలోకి చూసింది.

"కింద పని అవలేదుగా నాయనా. నువ్వే తీస్తావా?"

"పైనుంచి ఆర్డరు పెద్దమ్మా."

"ఆర్డరు ఆర్డరే అనుకో," అంది ఆమె. తట్ట ఎత్తుకుని పక్కకి జరిగింది.

మేస్త్రీ రెండు చేతులతో పట్టుకుని కొమ్మని లాగాడు. రాలేదు. గట్టిగా లాగితే మెల్లగా, నేల దాన్ని వదల్లేక వదిలినట్టు వచ్చింది. కింది చివర చూసి అతను చలించిపోయాడు. జానెడు పొడుగున తెల్లటి వేళ్ళు, కుచ్చులా వేలాడుతున్నాయి. వాటి కొసల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. రోడ్డు కింద ఉండాల్సింది గట్టిగా దిమ్మిస వేసిన కంకర. కంకరలో ఏ కొమ్మా వేళ్ళు వదలదు. అవి నీటిలో పెరిగిన వేళ్ళు. రోడ్డు కింద ఏముందో ఇంతకంటే విప్పి చెప్పే సాక్ష్యం ఇంకొకటి ఉండదు.

అతను చుట్టూ చూశాడు. పెద్దమ్మ తప్ప ఎవరూ చూడలేదు. కొమ్మని గట్టు మీదుగా కాలువ పక్క తుప్పల్లోకి విసిరేశాడు.

గుంతలో కంకర పోశారు. దిగిపోయింది. ఇంకో తట్ట పోశారు, అదీ దిగిపోయింది. పళ్ళెమంత గుంత పదకొండు తట్టలు మింగింది. పన్నెండో తట్టకి పైకి నిండింది. దిమ్మిస వేసి, వేడి తారు పరిచి, రోలరు నాలుగుసార్లు నడిపించాడు మేస్త్రీ. అంచులు తనే మోకాళ్ళ మీద కూర్చుని చదును చేశాడు. చెంబుతో నీళ్ళు పోసి చూస్తే ఒక్క చుక్క నిలవకుండా జారిపోయాయి. పనితనం తెలిసినవాడు అబద్ధం చెప్పినా నున్నగానే ఉంటుంది. ఆ మలుపులో ఆ రోజు అతను చేసినంత నాణ్యమైన అతుకు ఆ పద్నాలుగు కిలోమీటర్లలో ఇంకెక్కడా లేదు.

మర్నాడు తనిఖీ కారు వచ్చింది. మలుపు దగ్గర ఆగను కూడా ఆగలేదు. సాఫీగా దాటి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బావమరిది ఇంట్లోకి వస్తూనే చేతులు జోడించి నాటకంగా దణ్ణం పెట్టాడు. "బావా, దిష్టి తగులుతుంది నీ రోడ్డుకి! ఇవాళ మలుపులో గేరు కూడా మార్చలేదు. క్యాన్లో పాలు తొణకలేదంటే నమ్ము."

అక్క టీ గ్లాసు చేతికిస్తూ, "అయితే కొమ్మ తీసేశారన్నమాట" అంది.

"తీసేశారన్నమాట ఏంటక్కా! బావ తియ్యకపోతే ఇంకెవరు తీస్తారు? బావ కొమ్మ తీశాడంటే ఇక కళ్ళు మూసుకుని పోవచ్చు. అంతేనా బావా?"

మేస్త్రీ గోడవైపు చూస్తూ, "ఊఁ" అన్నాడు.

కాసేపాగి, "వాన గట్టిగా పడితే కాస్త నెమ్మదిగా వెళ్ళు" అన్నాడు.

"వానలో ఎవడైనా నెమ్మదిగానే వెళ్తాడు కదా బావా" అని వాడు నవ్వి, టీ ఊదుకుంటూ ఇంకేదో కబురులో పడ్డాడు.

చెప్పాల్సిన మాట మేస్త్రీ చెప్పలేదు. చెప్పాననిపించుకునే మాట ఒకటి చెప్పి ఊరుకున్నాడు. పాఠకులారా, మనం రోజూ ఇలాంటి మాటలు ఎన్ని చెబుతున్నామో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

తర్వాత ఎనిమిది రోజులూ మేస్త్రీకి తిండి సయించలేదు. ఆ మలుపు దాటేటప్పుడు సైకిలు దిగి నడిచేవాడు. గునపంతో కొట్టి చూడాలని చెయ్యి లాగేది. కొట్టేవాడు కాదు. ఆ చప్పుడు ఎలా ఉంటుందో తెలిసినవాడికి వినాలని ఉండదు. మళ్ళీ కొమ్మ గుచ్చుదామా అనుకున్నాడు. కొత్త తారు మీద, అదీ తనిఖీ అయ్యాక, ఎవరన్నా కొమ్మ గుచ్చుతారా? జనం ఏమంటారు? అలా అనుకుంటూనే రోజులు దొర్లించాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం మొదలైన వాన తెరిపి ఇవ్వలేదు. తెల్లవారుజామున మేస్త్రీకి మెలకువ వచ్చింది. చూరు నుంచి పడే నీళ్ళు ధారలుగా కాదు, తెరలా పడుతున్నాయి. ఒక్క ఉదుటున లేచాడు. వాకిట్లో చెట్టు కొమ్మ ఒకటి నరికాడు. దండెం మీది ఎర్ర తువ్వాలు అంచు పర్రున చించి దానికి కట్టాడు. భార్య లేచి వచ్చి, "ఇంత వానలో ఎక్కడికయ్యా?" అంటుండగానే సైకిలెక్కాడు.

పదకొండో రాయి దగ్గరికి వచ్చేసరికి మసక వెలుతురు వచ్చింది. మలుపుకి ఇవతల బస్సు అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు రోడ్డు మధ్య నిలబడి రెండు చేతులూ చాపి అతన్ని ఆపాడు. రోజూ కాయలు అడిగే డ్రైవరే.

"ముందుకి రాకు మేస్త్రీ. రోడ్డు లేదు."

"ఎవరైనా..."

"ముందు పాలబండి వెళ్తోంది. నేను వెనకాలే ఉన్నాను. చూస్తుండగానే దాని వెనక దీపాలు రెండూ కిందికి దిగిపోయాయి. అంతే."

మేస్త్రీ సైకిలు వదిలేసి అంచు దాకా నడిచాడు. నున్నటి తారు కత్తితో కోసినట్టు తెగి ఉంది. ఆ తెగిన అంచున తను చదును చేసిన అతుకు, సగం, చెక్కు చెదరకుండా నిలబడే ఉంది. కింద వరద సుళ్ళు తిరుగుతోంది. ఆ ఎర్రమట్టి నీళ్ళలో తెల్లటి చార ఒకటి, సన్నగా, కాలువ పొడుగునా సాగిపోతోంది. పాలు.

కొమ్మ ఇంకా అతని చేతిలోనే ఉంది. డ్రైవరు ఆ కొమ్మని చూసి, అతని ముఖం చూసి, తల తిప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి వరద తగ్గాక బావమరిదిని బయటికి తీశారు.

ఇంటి నిండా జనం. ఎవరెవరో ఏడుస్తున్నారు. బావమరిది భార్య స్పృహ తప్పి ఒక మూల పడి ఉంది, ఇద్దరు ఆడవాళ్ళు ఆమె ముఖాన నీళ్ళు చల్లుతున్నారు. అక్క ఏడవలేదు. తమ్ముడి జుట్టులో ఇరుక్కున్న మట్టిని కొంగు తడిపి తుడుస్తోంది. తుడిచి తుడిచి, ఎప్పటికో తలెత్తి భర్తని చూసింది.

"వీడికి ఆ గుంత తెలుసు. కొమ్మ ఉన్నన్నాళ్ళూ ఆగే వెళ్ళాడు. కొమ్మ ఎవరు తీశారు?"



"నేనే" అన్నాడు మేస్త్రీ.

"కింద పని అయ్యాకే తీశావా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. కొంగు మళ్ళీ నీళ్ళలో ముంచి పిండి, తమ్ముడి తల తుడవడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి వేళకి అన్నం పెట్టింది, బట్టలు ఉతికి మడతపెట్టింది. మాట మాత్రం లేదు.

మేస్త్రీకి ఒక పాత సంగతి పదే పదే గుర్తుకొచ్చేది. వాడికి పదేళ్ళప్పుడు అదే రోడ్డు మీద సైకిలు నేర్పాడు. వాడు వెనక్కి తిరక్కుండా, "పట్టుకున్నావా బావా?" అని అరిస్తే, "పట్టుకున్నాన్రా" అంటూనే చెయ్యి వదిలేశాడు. ఆ రోజు వాడు పడలేదు. బావ మాట నమ్మడం వాడు అక్కడే నేర్చుకున్నాడు.

పన్నెండో రోజున విచారణ పెట్టారు. సెక్షను ఆఫీసు హాల్లో పొడుగాటి బల్ల, వెనక పెద్దాఫీసు నుంచి వచ్చిన అధికారి, ఎదురుగా ఇంజనీరమ్మ, గ్యాంగు, బస్సు డ్రైవరు, తలుపు దగ్గర ఊరి జనం. కాగితం ముందే టైపు చేసి తెచ్చారు. 'ఊహించని కుండపోత వర్షం వలన' అని మొదలవుతుంది. అధికారి గొంతులో కాఠిన్యమేమీ లేదు. ఓదారుస్తున్నట్టే అన్నాడు.

"పోయినవాడు మీ బంధువని విన్నాను. చాలా బాధాకరం. ప్రకృతి ముందు మనమెంత! ఇక్కడ సంతకం చెయ్యండి. మీమీదికేమీ రాదు."

మేస్త్రీ సంచిలోంచి ఒకటి తీసి ఆ కాగితం మీద పెట్టాడు. కొమ్మ. తను విసిరేసిన చోటే, కాలువ పక్క తుప్పల్లో పొద్దున వెతికి తెచ్చాడు. ఆకులు వాడాయి గానీ వేళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. బల్ల మీద మట్టి రాలింది.

"ఇదేమిటి?" అన్నాడు అధికారి.

"పేపర్లో మీరంతా చూసి నవ్విన కొమ్మ సార్. కింది చివర ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూడండి."

మూడు మాటల మేస్త్రీ ఆ రోజు ఆపకుండా మాట్లాడాడు.

"ఇవి నీళ్ళలో పెరిగిన వేళ్ళు. రోడ్డు కింద బోలు ఉందని నాకు ముందే తెలుసు. మేడంకి చెప్పాను, మేడం మీకు రాశారు. ఇది ఊహించని వాన కాదు సార్, వానాకాలంలో పడే వానే. ఊహించాం, రాశాం, చదివాం, ఊరుకున్నాం. గుంత ఉన్నన్నాళ్ళూ ఆ మలుపులో ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. గుంత జనాన్ని కాపాడింది. నేను దాన్ని నున్నగా కప్పాను. కొమ్మ తీసి, రండి భయం లేదని చెప్పాను. వాన మీదికి తొయ్యకండి. నా పేరు రాయండి. నాతోపాటు ఎవరెవరికి తెలుసో వాళ్ళ పేర్లూ రాయండి. లేకపోతే వచ్చే వానకి ఇంకో మలుపులో ఇదే కాగితం టైపు చేస్తారు."

హాల్లో కుర్చీ కదిలిన చప్పుడైంది. ఇంజనీరమ్మ లేచి నిలబడింది. ఆమె చేతిలో తను రాసిన రెండు ఉత్తరాల నకళ్ళు ఉన్నాయి. వాటిని కొమ్మ పక్కన పెట్టింది.

"నా పేరు కూడా రాయండి" అంది. "నేనూ చూశాను. చూసి కూడా తారు పొయ్యమన్నాను."

గ్యాంగు పక్కనుంచి బస్సు డ్రైవరు మెల్లగా, ఎవరితోనూ కాకుండా తనలో తను అనుకుంటున్నట్టు, "తోట అని నవ్వింది మేమేగా" అన్నాడు.

తర్వాత జరిగిందంతా మనం ఊహించగలిగేదే. ఇంజనీరమ్మని ఎక్కడికో బదిలీ చేశారు. మేస్త్రీని మేస్త్రీగిరీ నుంచి తీసేసి మామూలు కూలీగా వేశారు. అధికారి అధికారిగానే ఉన్నాడు. బల్ల మీది కొమ్మని తర్వాత ఎవరో ఊడ్చి పారేశారు. కానీ అంతకుముందే ఎవరో తీసిన ఆ వేళ్ళ ఫొటో కూడా పేపర్లో వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వానలు వెళ్ళగానే రోడ్డు అడ్డంగా తవ్వి, మనిషి నిలబడి నడవగలిగేంత కొత్త తూము కట్టడం మొదలుపెట్టారు. ఆరు వారాలు బండ్లు చుట్టుదారిన తిరిగాయి. దుమ్ము, ఆలస్యం అని కొందరు అప్పుడూ విసుక్కున్నారు.

పని సాగినన్నాళ్ళూ అతను అక్కడ కంకర మోశాడు. రోజూ పొద్దు వాలాక అందరూ వెళ్ళిపోతే, కిందికి దిగి ఆ రోజు కట్టినంత మేరా గునపం మొద్దుతో కొట్టి చూసి గానీ ఇంటికి వెళ్ళేవాడు కాదు.

చివరి రోజున కొత్త మేస్త్రీ వచ్చి, "అన్నా, ఈ మలుపులో మొదట కొమ్మ గుచ్చింది నువ్వు. తియ్యాల్సింది కూడా నువ్వే" అన్నాడు. పని మొదలుపెట్టినప్పుడు గుచ్చిన కొమ్మ, ఎర్రగుడ్డతో, తూముకి ఇవతల నిలబడి ఉంది.

అతను తల అడ్డంగా ఊపాడు. "ఇంకొకరు చూడాలి" అని ఇంటికి వెళ్ళాడు.

గుమ్మంలో నిలబడి, ఆర్నెల్లుగా తనతో మాట్లాడని భార్యతో, "ఒకసారి మలుపు దాకా వస్తావా" అన్నాడు. ఆమె చేతిలో పని పక్కన పెట్టి, కొంగు బిగించి, అతని వెనకాల నడిచింది.

గట్టు దగ్గర ఎవరో చెయ్యి అందివ్వబోతే పట్టుకోలేదు. తనే కిందికి దిగింది. తూములోకి వెళ్ళి, ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడ తడుముకుంటూ నడిచింది. అతికించిన ప్రతిచోటా ఆగి, వేళ్ళతో సందు ఉందేమోనని చూసింది. పైకప్పుకి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. ఆ చెయ్యి మీదుగానే రేపటి నుంచి బండ్లన్నీ వెళ్తాయి. లోపలి నుంచి ఒక్కసారి మాత్రం వెక్కిన చప్పుడు వినిపించింది. పైన ఉన్న పెద్దమ్మ కళ్ళొత్తుకుంది.

ఆమె గట్టెక్కి వచ్చి, భర్త ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు తియ్యి" అంది.

అతను కొమ్మ తీశాడు. దాని చివర పొడి మట్టి తప్ప ఏమీ లేదు.

కొత్త మేస్త్రీ, గ్యాంగు, ఆగిన బస్సులో జనం చూస్తూ ఉన్నారు. ఆమె వాళ్ళవైపు తిరిగి, గొంతు పెంచకుండానే అంది: "కొమ్మ లేదు కదా అని నమ్మి నా తమ్ముడు పోయాడు. పైన నున్నగా ఉంటే చాలనుకోకండి. కొమ్మ తీసే ముందు తీసేవాడు కిందికి దిగి చూడాలి, తీశాక నడిచేవాళ్ళు 'దిగి చూశావా' అని అతన్ని అడగాలి."